ఎర ఎందుకు దూరం పోవడం లేదు? గాలపు రీలు లోపలి భౌతికశాస్త్రం

సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. పైన గాలి జోరుగా ఉంటుంది. చరఖా పట్టుకున్నవాడి చేతుల్లో అది గిర్రున తిరుగుతూ దారం వదులుతుంటుంది. ఉన్నట్టుండి గాలి పడిపోతుంది. పటం లాగడం మానేస్తుంది. చరఖా మాత్రం వెంటనే ఆగదు. తిరిగిన ఊపులో ఇంకో పది చుట్లు తిరిగి, ఎవరికీ అక్కర్లేని దారాన్ని వదిలేస్తుంది. ఆ దారమంతా ఒకదాంట్లో ఒకటి దూరి చిక్కుపడుతుంది. దాన్ని విప్పేలోగా పక్క మేడ మీదివాళ్లు మన పటాన్ని కోసేస్తారు.

బెయిట్ కాస్టింగ్ రీలుతో చేపలు పట్టేవాళ్ల కష్టం కూడా అచ్చంగా ఇదే. కాకపోతే అక్కడ చరఖా బదులు రెండు వేళ్లంత మందం ఉన్న అల్యూమినియం స్పూల్ ఉంటుంది. అది తిరిగే వేగం చరఖా వేగానికి ఎన్నో రెట్లు.

ఈ రీలు నా చేతికి అనుకోకుండా వచ్చింది. డాలస్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు, తను వాడి పక్కన పడేసిన రాడ్డు, రీలు నాకు ఇచ్చి వెళ్లాడు. చెరువు గట్టు మీద నిలబడి విసిరితే ఎర ఏడెనిమిది గజాల్లో పడేది, లేదంటే స్పూల్ నిండా చిక్కే. బిగుసుకుపోయిందేమో అనుకుని విప్పి, కనిపించిన ప్రతి భాగానికీ గ్రీజు పట్టించాను. మర్నాడు అంతకన్నా అధ్వానం. ఫోన్ చేసి చెబితే అన్నయ్య అడిగిన మొదటి మాట, "స్పూల్ బేరింగుల్లో కూడా పెట్టావా?" అని. పెట్టానన్నాను. "ఒరేయ్, అది ఎద్దుల బండి ఇరుసు కాదురా" అన్నాడు.

ఎమ్మెస్సీలో స్నిగ్ధత గురించి పేజీలకు పేజీలు రాసిన నాకు ఆ మాట కొంచెం గట్టిగానే తగిలింది. ఆ తర్వాత కూర్చుని వేసిన లెక్కలు, చేసిన పనులే ఈ వ్యాసం.

స్పూల్ ఎంత వేగంగా తిరుగుతుంది?

మన దగ్గర ఎక్కువగా కనిపించేది స్పిన్నింగ్ రీలు. అందులో స్పూల్ కదలదు. విసిరినప్పుడు దారం దాని అంచు మీదుగా చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. బెయిట్ కాస్టింగ్ రీలులో స్పూల్ రాడ్డుకు అడ్డంగా, దారపు కండెలా అమరి ఉంటుంది. దారం బయటికి పోవాలంటే స్పూలే తిరగాలి. దీనివల్ల లాభం ఉంది. బొటనవేలు స్పూల్ మీద ఆనించి ఎరను అనుకున్న చోట దించవచ్చు, లావు దారం వాడవచ్చు, పెద్ద చేపను నిలువరించవచ్చు. తామరాకుల మధ్య, గుర్రపుడెక్క అంచున దాక్కునే కొర్రమీను కోసం రబ్బరు కప్పను విసిరేవాళ్లు ఈ రీలునే ఇష్టపడటానికి కారణం అదే. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఈ కొర్రమీను, పిల్లలను పక్కనే ఉండి కాపలా కాసే జాతి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కనిపిస్తే అక్కడ ఎర వేయకపోవడం మర్యాద.

ఇక లెక్క. ఎర సెకనుకు 20 మీటర్ల వేగంతో, అంటే గంటకు 72 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిందనుకుందాం. దారంతో నిండిన స్పూల్ వ్యాసం 34 మిల్లీమీటర్లు. అప్పుడు స్పూల్ నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరగాలి. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ పూర్తి వేగంలో తిరిగేది నిమిషానికి మూడు నాలుగు వందల చుట్లే. నిశ్చలంగా ఉన్న స్పూల్ ఈ వేగాన్ని సెకనులో చిన్న భాగంలో అందుకోవాలి. వంటింటి మిక్సీ తిరిగే వేగాల దరిదాపుల్లోకి, మోటారు లేకుండా, 10 గ్రాముల ఎర లాగితే వెళ్లాలన్నమాట.

ఆ వేగం ఊరికే రాదు. 10 గ్రాముల ఎరకు ఆ వేగంలో ఉండే గతిశక్తి 2 జౌళ్లు. దారంతో కలిపి 20 గ్రాములున్న స్పూల్‌ను గుండ్రటి గట్టి బిళ్లగా ఊహిస్తే, దాని జడత్వ భ్రామకం లెక్కన అది కూడా మరో 2 జౌళ్లు మింగుతుంది. అంటే మనం చేయి ఊపి ఇచ్చిన శక్తిలో సగం ఎరకు, సగం స్పూల్‌కు. ఎరకు అదనంగా ఇంకో 10 గ్రాముల బరువు కట్టి విసిరినట్టు.

చిక్కు పుట్టేది కూడా ఇక్కడే. గాల్లోకి వెళ్లిన ఎరను గాలి వెనక్కి నెడుతుంది, దాని వేగం తగ్గుతుంది. స్పూల్‌కు ఆ సంగతి తెలియదు. దాచుకున్న 2 జౌళ్ల ఊపుతో అది అలాగే తిరుగుతుంది. ఎర తీసుకోగలిగిన దానికన్నా ఎక్కువ దారం వదులుతుంది. వదులైన చుట్లు లేచి, మళ్లీ స్పూల్ కిందకే దూరి బిగుసుకుంటాయి. అమెరికా చేపల వేటగాళ్లు దీన్ని పక్షిగూడు అంటారు. చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అడగాల్సిన పని ఉండదు.

కాబట్టి ఈ రీలులో రెండు పరస్పర విరుద్ధమైన కోరికలు ఉన్నాయి. స్పూల్ సులువుగా తిరగాలి, అప్పుడే ఎర దూరం పోతుంది. అదే స్పూల్ సమయానికి నెమ్మదించాలి, లేకపోతే చిక్కు. రీలు సంరక్షణ అంటే ఈ రెండింటినీ విడివిడిగా మన అదుపులో ఉంచుకోవడం. మురికి, పాత గ్రీజు చేసే నష్టం ఏమిటంటే, అవి మన ఇష్టంతో పని లేకుండా తమంతట తామే బ్రేకు వేస్తాయి.

గడియారాలవాళ్ల చేతి పని

ఈ రీలు చరిత్రలో పదేపదే ఎదురయ్యేది గడియారాలు చేసేవాళ్లు. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, పారిస్ అనే చిన్న ఊళ్లో, జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు పళ్ల చక్రాలతో నడిచే రీళ్లు చేశాడు. పిడి ఒకసారి తిప్పితే స్పూల్ పలుమార్లు తిరుగుతుంది. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో అలాంటి రీళ్లకు పేరు తెచ్చిన మీక్ సోదరులదీ గడియారాల వృత్తే. అప్పట్లో యాంత్రికమైన బ్రేకు లేదు. బొటనవేలే బ్రేకు.

దారాన్ని స్పూల్ మీద అటూ ఇటూ సమంగా పరిచే ఏర్పాటుకు విలియం షేక్స్‌పియర్ జూనియర్ 1897లో పేటెంటు పొందాడు. నాటకాల షేక్స్‌పియర్‌తో ఈయనకు సంబంధం లేదు, మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో ఉండేవాడు. స్వీడన్‌లో 1921లో మొదలైన ఏబీయూ కంపెనీ పేరులోని 'యూ' అక్షరం, గడియారాల కార్ఖానా అనే స్వీడిష్ మాటకు పొడి అక్షరం. అక్కడి నుంచి 1950లలో వచ్చిన ఆంబాసిడర్ రీళ్లు అపకేంద్ర బ్రేకును విస్తృతంగా పరిచయం చేశాయి. యాదృచ్ఛికంగా అదే 1921లో జపాన్‌లోని సకాయ్‌లో మొదలైన షిమానో, సైకిలు ఫ్రీవీలుతో వ్యాపారం ప్రారంభించింది. తొక్కడం ఆపినా చక్రం తిరిగేలా చేసే భాగం అది. రీలు కూడా ఒక రకంగా ఆ కుటుంబంలోదే.

మురికి బేరింగు ఎంత దూరం తినేస్తుంది?

స్పూల్ ఇరుసు రెండు మూడు చిన్న బాల్ బేరింగుల మీద ఆని తిరుగుతుంది. వాటి స్థితి తెలుసుకోవడానికి అందరూ చేసే పరీక్ష, బ్రేకులన్నీ వదులు చేసి వేలితో స్పూల్‌ను ఒక్కసారి తిప్పి, ఎన్ని సెకన్లకు ఆగుతుందో చూడటం. ఈ సెకన్లనే కొంచెం లెక్కల్లోకి మారుద్దాం.

వేలితో తిప్పినప్పుడు స్పూల్ నిమిషానికి వెయ్యి చుట్ల వేగం అందుకుని, 10 సెకన్లలో ఆగిందనుకోండి. పైన చెప్పిన 20 గ్రాముల స్పూల్‌కు దాని అంచు దగ్గర ఘర్షణ బలం, 0.18 గ్రాముల బరువు లాగినంత. చాలా తక్కువ. అదే స్పూల్ 2 సెకన్లలోనే ఆగిపోతే ఆ బలం ఐదు రెట్లు, అంటే 0.9 గ్రాములు. ఇదీ తక్కువే కదా అనిపిస్తుంది. కానీ విసిరినప్పుడు స్పూల్ తిరిగేది వెయ్యి కాదు, 11 వేల చుట్లు. జిడ్డు పదార్థాల వల్ల వచ్చే ఘర్షణ వేగంతో పాటు పెరుగుతుంది. ఉజ్జాయింపుగా వేగానికి అనులోమంగా పెరుగుతుందనుకుంటే, శుభ్రమైన బేరింగులతో అది దాదాపు 2 గ్రాములు, మురికి బేరింగులతో దాదాపు 10 గ్రాములు తేలుతుంది. ఎర బరువే 10 గ్రాములు! ఆ వేగంలో ఎరను గాలి వెనక్కి నెట్టే బలం, మూడు చదరపు సెంటీమీటర్ల అడ్డుకోత ఉన్న ఎరకు, నాలుగు గ్రాముల లోపే. మురికి బేరింగు గాలికన్నా రెట్టింపుకు పైగా అడ్డం పడుతోందన్నమాట.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. పది సెకన్లు తిరిగే స్పూల్‌ను ఖరీదైన సిరామిక్ బేరింగులు పెట్టి 20 సెకన్లు తిరిగేలా చేశాం. 2 గ్రాముల ఘర్షణ 1 గ్రాముకు తగ్గింది. లాభం ఒక్క గ్రాము. ఎనిమిది గ్రాముల భారాన్ని ఒక సీసా ద్రావణి, రెండు చుక్కల నూనెతో దించుకోవచ్చు. మిగిలిన ఒక్క గ్రాము కోసం వేల రూపాయలు పెట్టాలా అన్నది మన ఇష్టం. రెండు మూడు గ్రాముల చిన్న ఎరలు విసిరేవాళ్లకు ఆ గ్రాము కూడా విలువైనదే. మిగతావాళ్లకు సిరామిక్ బేరింగుల వల్ల నాకు కనిపించిన మొదటి మార్పు చెవికి తెలిసే కీచు శబ్దం.

ఇవి కాగితం మీది అంచనాలు. స్పూల్ ఆగిపోయే చివరి క్షణాలను పొడి ఘర్షణ శాసిస్తుంది, 11 వేల చుట్ల దగ్గర జిడ్డు ఘర్షణ శాసిస్తుంది. కాబట్టి వేలితో తిప్పే పరీక్షలో వచ్చిన సెకన్లను పక్కవాడి రీలుతో పోల్చుకుని బాధపడటం అనవసరం. మన రీలును గత నెల మన రీలుతోనే పోల్చుకోవాలి.

నూనె, గ్రీజు: రెండూ కందెనే, పనులు వేరు

గ్రీజు అంటే చిక్కటి నూనె కాదు. లిథియం, కాల్షియం వంటి లోహాల సబ్బులో పట్టి ఉంచిన నూనె. స్పాంజిలో నీళ్లు ఉన్నట్టు. ఒత్తిడి పడిన చోట కొంచెం నూనె వదులుతూ, మిగతా సమయంలో కదలకుండా అంటిపెట్టుకుని ఉంటుంది. పళ్ల చక్రాలకు కావలసింది అదే. అవి నెమ్మదిగా తిరుగుతాయి, పంటి మీద పంటికి ఒత్తిడి ఎక్కువ. అక్కడ పలుచటి నూనె వేస్తే పక్కకు జారిపోయి ఇత్తడి పళ్లు అరుగుతాయి. పిడి తిప్పుతుంటే గరగరమని చేతికి తెలుస్తుంది.

స్పూల్ బేరింగుది పూర్తిగా వేరే బతుకు. ఒత్తిడి తక్కువ, వేగం ఎక్కువ. గ్రీజు కూరితే ప్రతి గోళీ ప్రతి చుట్టుకూ ఆ ముద్దను తోసుకుంటూ పోవాలి. తేనెలో చెంచా తిప్పినట్టు. దీనికి పలుచటి నూనె, అదీ ఒక్క చుక్క చాలు. రెండో చుక్క వేస్తే బేరింగుకు ఏ మేలూ జరగదు. వేగంగా తిరిగినప్పుడు అది విసురుగా బయటికి చిమ్మి బ్రేకుల మీద పడుతుంది. అలాగని మరీ పలుచటి నూనె అన్నివిధాలా మంచిదని కాదు. గోళీకి, దారికి మధ్య ఉండాల్సిన నూనె పొర తెగిపోతే లోహం లోహానికి తగులుతుంది. పలుచటి నూనె త్వరగా ఆరిపోతుంది కూడా. దూరం కోసం దాన్ని ఎంచుకున్నవాళ్లు తరచుగా వేస్తుండాలి.

రీలు నూనె దొరకని ఊళ్లో కుట్టుమిషను నూనె పనికొస్తుంది. వంటనూనెలు మాత్రం వద్దు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్రమంగా బంకగా మారతాయి. వంటింటి కిటికీ ఊచల మీద పేరుకునే జిడ్డు చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. కొబ్బరినూనె సంగతి ఇంకా తమాషా. దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున చెరువు దగ్గర రీలు తిరగకపోతే ఆశ్చర్యం లేదు. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా బేరింగుకు కందెన కావు. వాటిలో ఎక్కువ భాగం ద్రావణి. ఉన్న గ్రీజును కరిగించి, తాము ఆవిరైపోతాయి.

విప్పే పని

ముందుగా ఒక తెల్ల గుడ్డ పరుచుకోండి. విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి పేర్చండి, ప్రతి మెట్టుకూ ఫోన్లో ఒక ఫొటో తీయండి. స్ప్రింగు ఉన్న భాగాలను పారదర్శకమైన పాలిథీన్ సంచిలో చేతులు పెట్టి విప్పడం మంచిది. ఈ చివరి మాట, మంచం కింద టార్చి లైటుతో గంటసేపు వెతికాక నేర్చుకున్నది.

దూరం పెంచుకోవడానికి రీలు మొత్తం విప్పక్కర్లేదు. చాలా రీళ్లలో పక్క మూత తీస్తే స్పూల్ బయటికి వస్తుంది. ఒక బేరింగు ఆ మూతలో ఉంటుంది, ఇంకొకటి ఎదురు వైపున, బిగింపు మర కింద ఉంటుంది. కొన్నిట్లో ఒక బేరింగు స్పూల్ ఇరుసుకే ఉండి, సన్నటి పిన్నుతో బంధించి ఉంటుంది. ఆ పిన్నును తీయడానికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంది. అది లేకుండా సుత్తి, మేకు పెట్టి కొడితే ఇరుసు వంగవచ్చు. వెంట్రుకవాసి వంగినా ఆ స్పూల్ 11 వేల చుట్ల దగ్గర అదిరిపోతుంది. ఆ తర్వాత ఏ నూనే దాన్ని బాగుచేయలేదు. పనిముట్టు లేకపోతే దాన్ని అలాగే వదిలి, బయటి నుంచే చుక్క నూనె వేసుకోవడం మేలు.

బయటికి వచ్చిన బేరింగులను చిన్న గాజుసీసాలో వేసి, మునిగేదాకా ద్రావణి పోసి కదపాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలుచటి నూనెను బాగానే వదిలిస్తుంది. గట్టిపడిన గ్రీజుకు మినరల్ టర్పెంటైన్ వంటి హైడ్రోకార్బన్ ద్రావణి మెరుగు. ఎసిటోన్ చురుకైనదే కానీ కొన్ని ప్లాస్టిక్కులను కరిగిస్తుంది, రీలు చుట్టుపక్కల దాన్ని తెరవకపోవడమే మంచిది. ఏది వాడినా కిటికీలు తెరిచి, పొయ్యికి, దీపానికి దూరంగా. ఈ ద్రావణుల ఆవిర్లన్నీ మంట అంటుకునేవే. మురికి దిగిన ద్రావణిని పారబోసి, రెండోసారి కొత్తది పోయండి. సీసా అడుగున నల్లటి రేణువులు కనిపిస్తాయి. ఇన్నాళ్లూ గోళీల మధ్య నలిగినవి అవే.

ఆరనివ్వడంలో తొందర వద్దు. పంక్చరు షాపు గాలిపైపుతో బేరింగును గిర్రున తిప్పి ఆరబెట్టే అలవాటు కొందరికి ఉంది. కందెన లేని గోళీలు అంత వేగంతో తిరిగితే దారుల మీద గీతలు పడతాయి, శుభ్రం చేసిన చేతులతోనే పాడుచేసినట్టు. గుడ్డ మీద పెట్టి ఆరనివ్వాలి. తర్వాత పెన్సిలు కొనకు తొడిగి మెల్లగా తిప్పి చూడండి. నున్నగా తిరిగితే ఒక చుక్క నూనె. ఇసుక నలిగినట్టు తగిలితే ఇంకోసారి కడగండి. అప్పటికీ తగులుతుంటే దారి గుంటలు పడింది, బేరింగు మార్చాల్సిందే.

దారాన్ని పరిచే భాగాన్ని చాలామంది మరచిపోతారు. రీలు ముందు భాగంలో, రెండు వైపులా మరలు తిరిగిన సన్నటి కడ్డీ ఉంటుంది. దాని గాడిలో ఒక చిన్న పన్ను నడుస్తూ దారపు దారిని అటూ ఇటూ కదుపుతుంది. తడి దారం తెచ్చే మట్టంతా చేరేది అక్కడే. విసిరేటప్పుడు కూడా ఇది స్పూల్‌తో పాటు కదిలే రీళ్లలో ఈ మట్టి నేరుగా దూరాన్ని తింటుంది. పాత పళ్లు తోముకునే బ్రష్షుతో గాడి శుభ్రం చేసి కొద్దిగా నూనె వేస్తే చాలు. విసిరేటప్పుడు కదలని రకమైతే, విసరబోయే ముందు పిడి కాస్త తిప్పి ఆ దారిని స్పూల్ నడుమకు తెచ్చుకోండి. ఓ అంచున ఉండిపోతే దారం ఏటవాలుగా ఒరుసుకుంటూ పోతుంది.

నూనె, గ్రీజు తగలకూడని చోట్లూ ఉన్నాయి. పిడి వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగు పని చేసేది పట్టు మీద. దానికి గ్రీజు పెడితే రోలర్లు జారి, చేప లాగినప్పుడు పిడి గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల కణుపుల మీద కొడుతుంది. కొన్ని రీళ్లలో అయస్కాంతం పట్టి ఉంచిన ఫెర్రోఫ్లూయిడ్ చుక్కే నీరు చొరబడకుండా ముద్రగా పనిచేస్తుంది. దానికి ద్రావణి తగిలితే ముద్ర పోయినట్టే. అలాంటివి తయారీదారు మనుషులే విప్పాలి.

మూడు బ్రేకులు, మూడు సూత్రాలు

ఈ రీలులో భౌతికశాస్త్రం చదివినవాళ్లకు పండగలాంటి భాగం ఇది. స్పూల్‌ను నెమ్మదింపజేసే మూడు ఏర్పాట్లు మూడు వేర్వేరు నియమాలకు లోబడి నడుస్తాయి.

మొదటిది పిడి పక్కనుండే బిగింపు మర. ఇది ఇరుసు చివర్లను నొక్కుతుంది. వేగం ఎంతైనా దీని ఘర్షణ దాదాపు ఒకటే. రెండోది అపకేంద్ర బ్రేకు. స్పూల్‌తో తిరిగే చిన్న ప్లాస్టిక్ ముక్కలు బయటికి జరిగి గుండ్రటి అంచును ఒరుసుకుంటాయి. వేగం రెట్టింపైతే దీని బలం నాలుగు రెట్లు. మూడోది అయస్కాంత బ్రేకు. అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు, కానీ అయస్కాంతం పక్కన తిరిగే అల్యూమినియంలో సుడి విద్యుత్తు పుట్టి, పుట్టించిన కదలికనే అడ్డుకుంటుంది. వేగం రెట్టింపైతే దీని బలమూ రెట్టింపు. 1824లో అరాగో తిరిగే రాగి బిళ్ల దగ్గర దిక్సూచి ముల్లు దానితో పాటు లాగబడటం గమనించాడు. కారణం తెలియడానికి 1831లో ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను కనిపెట్టేదాకా ఆగాల్సి వచ్చింది. మన ఇళ్లలోని పాత కరెంటు మీటరులో తిరిగే అల్యూమినియం బిళ్లను అదుపు చేసేది కూడా ఇలాంటి అయస్కాంతమే. ఇప్పుడు బ్యాటరీ లేకుండా, స్పూల్ తిరుగుడు నుంచే కరెంటు తీసుకుని చిప్‌తో బ్రేకు వేసే రీళ్లు కూడా వచ్చాయి. పుట్టే చోట పాత సూత్రమే.

దూరం కావాలంటే ఏ బ్రేకును నమ్ముకోవాలో ఈ నియమాలే చెబుతాయి. చిక్కు ప్రమాదం ఎక్కువగా ఉండేది విసిరిన మొదటి క్షణాల్లో, వేగం శిఖరంలో ఉన్నప్పుడు. అపకేంద్ర బ్రేకు అక్కడ గట్టిగా పట్టి, తర్వాత తానే తప్పుకుంటుంది. అయస్కాంతం నెమ్మదిగా వదులుతుంది. బిగింపు మర చివరిదాకా వదలదు. కొత్తవాళ్లు చిక్కుకు భయపడి బిగించేది మాత్రం దీన్నే. స్పూల్ పక్కలకు ఊగకుండా ఉండేంత బిగించి వదిలేసి, మిగతాది మిగతా రెండింటికీ, చివర్లో బొటనవేలికీ అప్పజెప్పడం మంచిదని నా అభిప్రాయం.

బ్రేకుల శుభ్రత అందుకే ముఖ్యం. అపకేంద్ర బ్రేకు అంచు మీద నూనె పడితే ఘర్షణ గుణకం మారిపోతుంది, నిన్నటి అమరిక ఇవాళ పనిచేయదు. తయారీదారు చెప్పకపోతే అక్కడ పొడిగుడ్డతో తుడవడమే. అయస్కాంతాలదో వేరే గొడవ. భీమునిపట్నం వైపు సముద్రతీరపు ఇసుకలో నల్లటి బరువైన ఖనిజాలు ఉంటాయి, ఇల్మనైట్‌తో పాటు కొద్దిగా మాగ్నటైట్ కూడా. రీలును ఆ ఇసుక మీద పెడితే మాగ్నటైట్ రేణువులు అయస్కాంతాలకు అంటుకుంటాయి. టేపు ముక్క అద్ది లాగేస్తే వచ్చేస్తాయి.

దారం కూడా రీలులో భాగమే

0.30 మిల్లీమీటర్ల నైలాన్ దారం వంద మీటర్లు తూచితే 8 గ్రాములు. 0.20 మిల్లీమీటర్ల అల్లిన పాలిథిలీన్ దారం వంద మీటర్లు 3 గ్రాముల దగ్గర. మన లెక్కలోని 20 గ్రాముల స్పూల్‌లో ఐదు గ్రాములు తగ్గడం చిన్న విషయం కాదు, పైగా ఆ బరువంతా తిరిగే అంచున ఉన్నది. స్పూల్ వల్ల ఎర మీద పడే అదనపు భారం 10 గ్రాముల నుంచి 5 గ్రాములకు తగ్గిందనుకోండి. చేయి ఇచ్చే శక్తి అదే 4 జౌళ్లయితే ఎర వేగం సెకనుకు 20 నుంచి 23 మీటర్లకు పెరుగుతుంది. గాలి లేదనుకుని 45 డిగ్రీల కోణంలో లెక్కిస్తే 41 మీటర్ల దూరం 54 మీటర్లవుతుంది. నిజమైన గాలిలో అంత తేడా రాదు. అయినా బేరింగుల మీద పెట్టే డబ్బుకన్నా దారం మీద పెట్టే ఆలోచన ఎక్కువ ఫలితమిస్తుందని దీన్ని బట్టి తెలుస్తుంది.

దారం అంచుదాకా నింపకండి, రెండు మిల్లీమీటర్లు వదిలిపెట్టండి. మరీ తక్కువైతే చుట్టుకొలత తగ్గి అదే దూరానికి స్పూల్ ఇంకా వేగంగా తిరగాలి. చిక్కుపడి నలిగిన దారపు ముక్కను అలాగే చుట్టేయకూడదు. తర్వాతి విసురులో స్పూల్ ఠక్కున ఆగితే దారం అక్కడే తెగి, కొక్కేలున్న ఎర గంటకు 70 కిలోమీటర్ల వేగంతో ఎటో పోతుంది. గట్టు మీద పిల్లలుంటారు. తెగిన దారాన్ని చెరువులో వదిలేస్తే కొంగల కాళ్లకు, నీటికోళ్ల మెడలకు చుట్టుకుంటుంది. నైలాన్ ఏళ్ల తరబడి కుళ్లదు. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవాలి.

ఉప్పునీటి తర్వాత

సముద్రం దగ్గర వాడిన రీలును ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడగాలి. నీరు ఆరిపోయినా ఉప్పు స్ఫటికాలు మిగులుతాయి. అవి గాలిలో తేమను పీల్చుకుని మళ్లీ ద్రావణమవుతాయి. అందులోని క్లోరైడ్ అయాన్లు స్టెయిన్‌లెస్ స్టీలు మీది రక్షణ పొరను కూడా తూట్లు పొడుస్తాయి. అల్యూమినియం స్పూల్, స్టీలు బేరింగు, మధ్యలో ఉప్పునీరు ఉంటే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో కరిగిపోయేది అల్యూమినియం. కడిగేటప్పుడు డ్రాగ్ బిగించి, సన్నటి ధారతో పైపైన కడగండి. జోరు పైపు పెడితే ఉప్పు లోపలికే పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి, లేకపోతే లోపలి వాషర్లు నలిగి అంటుకుపోతాయి.

ఇంతా చేశాక నిజంగా దూరం పెరిగిందా అని చూడటానికి టేపు అక్కర్లేదు. నా రీలులో పిడి ఒకసారి తిప్పితే స్పూల్ 6.3 చుట్లు తిరుగుతుంది. 34 మిల్లీమీటర్ల స్పూల్ చుట్టుకొలత 10.7 సెంటీమీటర్లు. కాబట్టి పిడి ఒక చుట్టుకు 67 సెంటీమీటర్ల దారం వస్తుంది, 50 చుట్లకు సుమారు 33 మీటర్లు. దారం బయటికి పోయేకొద్దీ స్పూల్ సన్నబడుతుంది కాబట్టి అసలు దూరం కొంచెం తక్కువే, పోల్చుకోవడానికి మాత్రం ఇది చాలు. శుభ్రం చేయకముందు ఒకే ఎరతో, గాలి లేని పొద్దున పదిసార్లు విసిరి, చుట్లు రాసుకోండి. శుభ్రం చేశాక అదే చోట, అదే ఎరతో మరో పదిసార్లు. అన్నిటికన్నా దూరం పోయిన విసురును కాదు, వరుసలో నడుమ వచ్చిన అంకెను పోల్చండి. చిక్కుపడిన విసుర్లను కూడా లెక్కలో రాయండి. నేను మొదటిసారి వాటిని వదిలేసి అన్నయ్యకు ఫోన్లో గొప్పగా చెప్పాను. "పదిలో ఎన్ని చిక్కుపడ్డాయి?" అన్నాడు.

నాలుగు.